కట్టె చీల్చినట్టు శుక్లాన్ని చీల్చారు!

కట్టెలు కొట్టేవాళ్లని చూశారా? మొద్దుని అడ్డంగా నరికితే చెమటలు పడతాయి. అదే నార వెంట నిలువుగా కొడితే టక్కున రెండు ముక్కలు. శుక్లం ఆపరేషన్‌ని మార్చేసిన ఐడియా ఇదే.

1967లో అమెరికన్ డాక్టర్ చార్లెస్ కెల్మన్, పళ్ల డాక్టర్ వాడే అల్ట్రాసౌండ్ పరికరం చూసి, శుక్లాన్ని చిన్న కోతలోంచి పొడిచేసి పీల్చే 'ఫేకో' పద్ధతి తెచ్చారు. సూపర్ కదా? కానీ ఒక చిక్కు. శుక్లం ముదిరి గట్టిపడితే అల్ట్రాసౌండ్ ఎక్కువ వాడాలి. దానికి కార్నియా లోపలి కణాలు దెబ్బతింటాయి. అవి మళ్లీ పుట్టవు!

1993లో జపాన్ డాక్టర్ కునిహిరో నాగహారా కట్టె లాజిక్ పట్టుకున్నారు. చెక్కలో నారలాగే కంటి లెన్స్‌లోనూ పోగులుంటాయి. ఫేకో సూదితో లెన్స్‌ని గుచ్చి పట్టుకుని, ఇంకో చేత్తో కొక్కెం లాంటి 'చాపర్'ని అంచు నుంచి సూది వైపు లాగడమే. చీలిపోతుంది! అల్ట్రాసౌండ్ పని బాగా తగ్గింది.

నేర్చుకోవడం మాత్రం ఈజీ కాదు. రెండు చేతులు, పెడల్ మీద కాలు కలిసి పనిచేయాలి. లెన్స్ అంచు ఐరిస్ వెనక దాగుంటుంది. చుట్టూ ఉన్న పల్చటి సంచి చిరిగితే కష్టం. అందుకే 1994లో 'స్టాప్ అండ్ చాప్' వచ్చింది: ముందు ఒక గాడి తవ్వి రెండుగా విడగొట్టు, ఆగు, తర్వాత చాప్ చెయ్. కొత్తవాళ్లకి ఇది మంచి మెట్టు.

కోడింగ్‌లోనూ అంతే, మెషీన్ పవర్ పెంచేకంటే పద్ధతి మార్చడం మేలు. ఇంట్లో తాతయ్య "శుక్లం ముదరనీరా" అంటే ఈ కథ చెప్పండి, కంటి డాక్టర్‌కి చూపించండి. ముదిరేకొద్దీ ఆపరేషన్ కష్టమవుతుంది!