పేచ్‌కస్‌కి చరిత్ర లేదా?

తెలంగాణ ముస్లిం అనగానే మన చరిత్రకారులకు రెండు బొమ్మలే కనపడతాయి. ఒకటి దేవిడీలో కూర్చున్న నవాబు. రెండోది కత్తి పట్టిన రజాకారు. ఈ రెంటి మధ్య చేతులకు గ్రీజు అంటిన మూడో మనిషి ఒకడున్నాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ధర్మపురి - ఏ ఊళ్లోనైనా సరే, రోడ్డు పక్క రేకుల షెడ్డు కింద ఉంటాడు. బండి ఆగిపోతే అందరికీ గుర్తొస్తాడు. పుస్తకం రాసేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తురాడు. అతని చరిత్ర దఫ్తర్లలో దొరకదు. అతని పనిముట్ల పెట్టెలో వెతకాలి.

నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ వచ్చాయి. అప్పుడు రాజ్యభాష ఉర్దూ. యంత్రమూ ఆ భాషలోనే మనకు పరిచయమైంది. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాత ఉర్దూ కచేరీ మెట్లు దిగింది, ఉర్దూ చదివినవాడికి కొలువు కష్టమైంది. షెడ్డులో మాత్రం ఉర్దూ ఉండిపోయింది. ఉస్తాద్, శాగిర్ద్, పేచ్‌కస్ - ఈ మాటలు నేర్చుకోకుండా పని నేర్చుకున్న కుర్రాడు, ఏ మతం వాడైనా, మన ఊళ్లలో అరుదు. తెలంగాణ రాష్ట్రం 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది. రేకుల షెడ్డు అంతదాకా ఆగలేదు.

మద్రాసులో 1955లో ఎన్‌ఫీల్డ్ కంపెనీ ఏర్పడి బుల్లెట్ తయారీ మన దేశానికి వచ్చింది. 1961 నుంచి మైసూరులో జావా బండ్లు తయారయ్యాయి. బుల్లెట్ ఇంగ్లండు బండి, దానికి అమల్ కార్బొరేటర్. జావా చెక్ బండి. దేశం 1956లో మెట్రిక్ కొలతల చట్టం చేసుకుంది, 1958 నుంచి అమలు మొదలుపెట్టింది. బుల్లెట్ నట్లు, బోల్టులు మాత్రం చాలా ఏళ్లు అంగుళాల లెక్కలోనే నడిచాయి. జావా మిల్లీమీటర్ల బండి. ఒకదాని పానా ఇంకోదానికి సరిగ్గా పట్టదు, బలం పెడితే నట్టు మూలలు అరిగిపోతాయి. సరైన పనిముట్టు కొనాలంటే పట్నం పోవాలి, పోయినా చేతిలో పైసలుండాలి. అందుకే ఉస్తాద్ కొనలేదు, చేసుకున్నాడు.

ఎట్లా చేసుకున్నాడో చెప్పడం కూడా చరిత్రే. కార్బొరేటర్ లోపల జెట్ ఉంటుంది. చిన్న ఇత్తడి ముక్క, మధ్యలో సన్నని రంధ్రం, తలపై గాడి. బజారు పేచ్‌కస్ కొన ఉలిలాగా ఏటవాలుగా ఉంటుంది. అది గాడి పైఅంచునే ఆనుతుంది, అడుగుకు దిగదు. గట్టిగా తిప్పితే ఇత్తడి చెదిరిపోతుంది. కనుక పాత పేచ్‌కస్‌ను పొట్టిగా కోసి, కొనను సానరాయి మీద రెండు పక్కలా నిలువుగా అరగదీస్తారు. వెడల్పు జెట్ కూర్చునే గుంతను మించకూడదు. మధ్యమధ్య నీళ్లలో ముంచాలి. కొన నీలం తిరిగిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే.

జెట్ మూసుకుపోతే ఇనుప తీగ పెట్టరాదు. అమల్ జెట్ మీది అంకె రంధ్రం వెడల్పును చెప్పదు. నిమిషానికి ఎన్ని ఘన సెంటీమీటర్ల ద్రవం పారుతుందో చెబుతుంది. రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా ఆ అంకె అబద్ధమైపోతుంది. అందుకే కరెంటు వైరులోని మెత్తని రాగి పోగు వాడతారు. ఇక ట్యూనింగు. ఇంజను వేడెక్కాక గాలి పేచ్‌ను లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది, బయటికి తిప్పితే గాలి పాలు పెరుగుతుంది. ఎక్కడ ఆపాలో చెవి చెప్పాలి. ఆ తర్వాత ప్లగ్గు చూడాలి. నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే గాలి ఎక్కువ, లేత గోధుమరంగుంటే సరి.

ధర్మపురి గోదావరి ఒడ్డున నరసింహస్వామి వెలసిన ఊరు, వేదపండితుల ఊరు. పూజారి బండి అయినా, మౌల్వీ బండి అయినా గాలి పేచ్ తిరిగే దిక్కు ఒక్కటే. ఇది చెప్పి సామరస్యం పాట పాడి ఊరుకోవడం నాకిష్టం లేదు. 'మెకానిక్ పని మీ వాళ్ల రక్తంలోనే ఉంది భాయ్' అని మెచ్చుకునే మిత్రులున్నారు. రక్తంలో పేచ్‌కస్ ఉండదు. సచార్ కమిటీ 2006లో చెప్పింది చదవండి. నెలజీతం కొలువుల్లో ముస్లింల వాటా తక్కువ, సొంత పనుల్లో ఎక్కువ. వాహనాల మరమ్మతు వాళ్లు ఎక్కువగా కనిపించే రంగాల్లో ఒకటి. దీన్ని ప్రతిభ అని మాత్రమే పిలిస్తే, దక్కని కొలువుల లెక్క ఎవరడుగుతారు?

మనవాళ్లనూ అడగాలి. ముషాయిరాలో గజల్‌కి వాహ్వా అనే పెద్దలు షెడ్డు ఉర్దూని ఉర్దూగా లెక్కిస్తున్నారా? పిల్లనిచ్చేటప్పుడు ఉస్తాద్ హునర్‌కి ఎంత విలువ కడుతున్నారు? బడి మాని శాగిర్ద్‌గా చేరిన పసివాడి గురించి ఏ జల్సాలో మాట్లాడారు? 2007 రిజర్వేషన్ చట్టం జాబితాలో రోళ్లకు కక్కు కొట్టేవారి పేరుంది. ఉలి పట్టిన చెయ్యి ఆలస్యంగానైనా కాగితానికెక్కింది. పేచ్‌కస్ పట్టిన చేతికి ఆ మాత్రం గుర్తింపూ లేదు.

2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-6 నిబంధనలు వచ్చాయి. కొత్త మోటారు సైకిళ్లలో కార్బొరేటర్ స్థానాన్ని ఫ్యూయల్ ఇంజెక్షన్ తీసుకుంది. దాని లోపం చెవికి దొరకదు, యంత్రానికి తగిలించి చూడాలి. ఆ యంత్రాన్ని సానరాయి మీద చేసుకోలేం, కొనాల్సిందే. పాత బుల్లెట్లూ జావాలూ ఇప్పుడు షౌకీన్ల వస్తువులు. బండి ధర పెరిగింది, దాన్ని బతికించిన వాడి కూలి ఆ లెక్కన పెరిగిందా?

మ్యూజియంలో నిజాం కత్తులున్నాయి. వాటి పక్కన అరగదీసిన పేచ్‌కస్ ఒకటి పెట్టమని అడుగుతున్నాను. అది పెట్టేలోగా మనం చేయాల్సింది ఒకటుంది. ఊరూరా ఉస్తాద్‌ల దగ్గర కూర్చుని, వాళ్ల పనిముట్ల పేర్లు, చేసే తీరు, నేర్పినవారి పేర్లు ఉర్దూలోనూ తెలుగులోనూ రాసిపెట్టాలి. ఆ హునర్‌ని పరీక్షించి ప్రభుత్వం సర్టిఫికెట్ ఇవ్వాలి. శాగిర్ద్ పొద్దున బడికి పోయి, సాయంత్రం షెడ్డుకి రావాలి.