గోడ మీది అట్టముక్కలు

ఆస్ట్రేలియాలోని క్వేకర్స్ హిల్‌లో సిడ్నీ నగరం వైపు రైలెక్కితే రెండో స్టేషన్ బ్లాక్‌టౌన్. ఈ పడమటి శివార్లలో పని పోయినవాళ్లు ఇప్పుడు ముందు ఫోన్ తీస్తారు. వాళ్ల తల్లిదండ్రుల కాలంలో మాత్రం కామన్వెల్త్ ఎంప్లాయ్‌మెంట్ సర్వీస్ ఆఫీసు గుమ్మం ఎక్కాల్సిందే.

యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకు పని చూపాలని 1945లో చట్టం చేసి, 1946లో ఆ సర్వీసును తెరిచారు. మన దేశంలోనూ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు పుట్టింది 1945లోనే, ప్రధానంగా సైనికుల కోసమే. వాటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికొచ్చింది 1956 నవంబర్ 1న, అంటే సరిగ్గా ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజున!

సిడ్నీ ఆఫీసుల్లో గోడలకు ఖాళీల చీటీలు వేలాడేవి. ఒక్కో అట్టముక్క మీద పని, చోటు, జీతం. నచ్చినదాని నంబరు పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లాలి. ఆఫీసు మేనేజర్‌ది కత్తిమీద సామే: ఒక చేత్తో యజమానుల దగ్గర ఖాళీలు రాబట్టాలి, రెండో చేత్తో నిరుద్యోగ భృతి కోరేవాళ్లు నిజంగా పని వెతుకుతున్నారో లేదో తేల్చాలి. దారి చూపేవాడే తనిఖీదారు కూడా అయితే ఎదుటివాడు మనసు విప్పుతాడా?

1997లో భృతి బాధ్యత ప్రభుత్వ సంక్షేమ సంస్థ సెంటర్‌లింక్‌కు వెళ్లింది. 1998 మేలో ఉద్యోగాలు వెతికిపెట్టే పనిని టెండర్లు గెలిచిన సంస్థలకు అప్పగించారు. పోటీలో నిలిచిన ప్రభుత్వ సంస్థ ఎంప్లాయ్‌మెంట్ నేషనల్ 2003లో మూతపడింది.

2020 మార్చిలో కోవిడ్ దెబ్బకు, సెంటర్‌లింక్ సేవలకు దారి అయిన మైగవ్ వెబ్‌సైట్ మొరాయించింది. జనం మళ్లీ ఆఫీసుల ముందు, పేవ్‌మెంట్ల మీద బారులు తీరారు.