మలుపు నేర్పిన బీడు

విమానం ఎక్కడ పుట్టిందంటే ఎవరైనా కిట్టీ హాక్ పేరే చెబుతారు. 1903 డిసెంబరు 17న రైట్ సోదరులు విల్బర్, ఆర్విల్ అక్కడి ఇసుక నేల మీద నాలుగుసార్లు ఎగిరారు. అన్నిట్లోకీ పెద్దది 59 సెకన్లు, 852 అడుగులు. అదీ ఎదురుగాలిలో, తిన్నగా. కానీ వెళ్లినవాడు బయల్దేరిన చోటికి తిరిగి రాగలిగితేనే కదా అది వాహనం! ఆ విద్య పట్టుబడింది ఒహాయో రాష్ట్రంలో, ఆవులూ గుర్రాలూ మేసే ఓ గడ్డి బీడులో.

డేటన్ నగరానికి ఎనిమిది మైళ్ల దూరంలో ఉన్న ఆ 84 ఎకరాలు బ్యాంకరు టోరెన్స్ హఫ్మన్‌వి. 1904లో అన్నదమ్ములు అడిగితే అద్దె లేకుండా ఇచ్చాడు. ఎగిరే ముందు పశువులను బయటికి తోలాలన్నదే షరతు. ట్రామెక్కితే బీడు పక్కనే, సిమ్స్ స్టేషన్‌లో దిగొచ్చు.

సౌకర్యం అంతవరకే. నేలంతా గడ్డి దుబ్బుల గుట్టలు, చుట్టూ కంచె, చెట్లు. మే నెలలో విలేకర్లను పిలిస్తే వాళ్ల ఎదుటే ఇంజిను మొరాయించింది. కిట్టీ హాక్ సముద్రతీరంలో వీచే బలమైన గాలి ఇక్కడ లేదు. దాంతో విమానం జారే పట్టాను మరీ పొడుగ్గా వెయ్యాల్సి వచ్చేది. తీరా వేశాక గాలి దిశ మారితే పని మళ్లీ మొదటికి. సెప్టెంబరులో ఉపాయం దొరికింది. పొడవాటి గుంజలతో గోపురం కట్టి, వందల కిలోల బరువును పైకి లాగి వదిలేవారు. అది కిందపడుతుంటే దానికి కట్టిన తాడు విమానాన్ని పట్టా మీద ముందుకు లాగేది.

ఎగరడం కుదిరింది. కానీ తిన్నగా పోతే కొద్దిసేపట్లోనే కంచె ఎదురవుతుంది. తిరగక తప్పదు. సెప్టెంబరు 20న విల్బర్ మొదటిసారి పూర్తి చుట్టు తిరిగాడు. దాన్ని కళ్లారా చూసి లోకానికి చెప్పినవాడు తేనెటీగల పెంపకం పత్రిక నడిపే ఏమస్ రూట్. ఆ కథనం 1905 జనవరిలో అచ్చయింది.

అయినా చిక్కు తీరలేదు. బిగువుగా మలుపు తిరిగితే లోపలివైపు రెక్క వాలిపోయి, ఎంత ప్రయత్నించినా లేచేది కాదు. 1905 సెప్టెంబరు 28న ఆర్విల్ ఒక ముళ్లచెట్టు చుట్టూ తిరుగుతుండగా అదే జరిగింది. దిగిపోదామని ముక్కు కిందికి దించాడు. వేగం పెరిగింది, రెక్క లేచింది! మలుపులో వేగం తగ్గడమే అసలు జబ్బని అప్పుడు తెలిసింది. వారం తిరగగానే, అక్టోబరు 5న, విల్బర్ ఆ బీడు మీద ప్రదక్షిణలు చేస్తూ 39 నిమిషాల్లో 24 మైళ్లు ఎగిరాడు. పెట్రోలు అయిపోయాకే దిగాడు.

1910లో సోదరులు అక్కడే విమాన పాఠశాల పెట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైనిక వైమానిక దళానికి అధిపతి అయిన హాప్ ఆర్నాల్డ్ 1911లో అక్కడి విద్యార్థే. ఇప్పుడా నేల రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరంలో భాగం. 1992 నుంచి జాతీయ చారిత్రక ఉద్యానంలోనూ చేరింది.

కిట్టీ హాక్‌కు దక్కిన పేరు ఈ బీడుకు దక్కలేదు. అక్కడ ఎంత దూరమైనా తిన్నగా పోవచ్చు. ఇక్కడి కంచే వాళ్లను మలుపు తిరగమంది, చెట్టే ఆ మలుపులోని లోపాన్ని బయటపెట్టింది. చోటు చాలని నేల కాబట్టే విమానం పూర్తయింది.