టీకా కంటే ముందొచ్చిన రూలు

కోవిడ్ రోజుల్లో అమెరికా నర్సుల టీకా గొడవ చూసిన చాలామంది, "ఉద్యోగం కావాలంటే సూది వేయించుకో" అనడం అప్పుడే మొదలైందనుకుంటారు. నిజానికి ఈ సినిమా న్యూయార్కులో అంతకు పన్నెండేళ్ళ ముందే ఒకసారి రిలీజైంది. రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే డబ్బాలు వెనక్కి వెళ్ళిపోయాయి కాబట్టి ఎవరికీ గుర్తులేదు.

2009 జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వైన్ ఫ్లూని మహమ్మారిగా ప్రకటించింది. తర్వాత లెక్కేస్తే మొదటి ఏడాదిలో ఒక్క అమెరికాలోనే సుమారు 12,500 మంది పోయారని తేలింది. పోయినవాళ్ళలో ముసలివాళ్ళ కంటే పడుచువాళ్ళు, నడివయసువాళ్ళే ఎక్కువ.

ఆగస్టు 13న న్యూయార్కు రాష్ట్రం ఒక అత్యవసర నిబంధన తెచ్చింది. ఆసుపత్రుల్లోను, ఇళ్ళకెళ్ళి సేవ చేసే సంస్థల్లోను రోగుల దగ్గర మసిలే సిబ్బంది అంతా నవంబరు 30లోగా మామూలు ఫ్లూ టీకాతో పాటు స్వైన్ ఫ్లూ టీకా కూడా వేయించుకు తీరాలి. అమెరికాలో ఒక రాష్ట్రం ఇలాంటి రూలు పెట్టడం అదే మొదటిసారి. (ఆసుపత్రుల్లో అయితే 2005లోనే సియాటిల్లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి ఫ్లూ టీకా తప్పనిసరి చేసింది. నర్సుల యూనియన్ పోట్లాడి తన సభ్యుల వరకు దాన్ని ఆపించుకుంది.)

రాష్ట్ర ఆరోగ్య కమిషనర్ రిచర్డ్ డెయిన్స్ వాదన సూటిగానే ఉంది. ఐసీయూలో పడుకున్న రోగి తన నర్సుని ఎంచుకోలేడు. తట్టు, రుబెల్లా నుంచి రక్షణ ఉందని రుజువు చూపించకపోతే న్యూయార్కు ఆసుపత్రుల్లో ఎలాగూ పని చెయ్యనివ్వరు, మరి ఫ్లూకి మాత్రం మినహాయింపు దేనికి? స్వచ్ఛందంగా వేయించుకోండని ఏళ్ళ తరబడి బతిమాలినా, దేశం మొత్తం మీద వైద్య సిబ్బందిలో సగం మంది కూడా ఫ్లూ టీకా తీసుకోవట్లేదు. ఈ వాదనలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించదు.

నర్సుల వైపు నుంచీ చూడాలి. వాళ్ళ సంఘం టీకా వేయించుకోమనే చెప్పింది, బలవంతం మాత్రం వద్దంది. కొంచెం వయసున్న నర్సులకి 1976 గుర్తుంది. అప్పుడూ స్వైన్ ఫ్లూ వస్తోందని నాలుగు కోట్ల మందికి పైగా టీకాలేశారు. రావాల్సిన మహమ్మారి రాలేదు, కొన్ని వందల మందికి గిలియన్-బారే అనే నరాల జబ్బు మాత్రం వచ్చింది. లక్షకి ఒక కేసు అదనం అని గణాంకాలు చెప్తాయి. కానీ ఆ లక్షలో ఒకరిని వార్డులో మోసిన నర్సుకి గణాంకాలు చెప్పి ఒప్పించడం కష్టం.

ఇంతకీ అసలు తిరకాసు ఏంటంటే, ఆగస్టు 13 నాటికి ఆ టీకా చేతికి రానేలేదు. ట్రయల్స్ అప్పుడే మొదలయ్యాయి. ఫ్లూ టీకా తయారీ అంటే కోడిగుడ్లలో వైరస్‌ని పెంచడం, ఈ వైరస్సేమో అనుకున్నంత జోరుగా పెరగలేదు. ప్యాచ్ ఇంకా బిల్డ్ కూడా కాకముందే "అందరూ ఫలానా తేదీలోగా అప్‌గ్రేడ్ అవ్వాలి, లేకపోతే లాగిన్ తీసేస్తాం" అని మెయిల్ కొట్టే మేనేజర్లని మనం చూళ్ళేదూ! అచ్చం అదే.

సెప్టెంబరు చివర్లో ఆల్బనీలో నర్సులు రోడ్డెక్కారు. అక్టోబరు 16న జడ్జి థామస్ మెక్‌నమారా తాత్కాలికంగా స్టే ఇచ్చారు. అసలు విచారణ అక్టోబరు 30న. అక్కడిదాకా రానేలేదు. అక్టోబరు 22న రాష్ట్రమే రూలు పక్కన పెట్టేసింది. అనుకున్న డోసుల్లో నాలుగో వంతు కూడా నెలాఖరుకి రావని తేలిపోయింది, ఉన్న కాసిని గర్భిణులకీ పిల్లలకీ ముందు దక్కాలన్నారు. నర్సుని బలవంతపెట్టే హక్కు రాష్ట్రానికి ఉందా అన్న ప్రశ్నకి ఆ కేసులో జవాబు రాకుండా పోయింది. 2013లో అదే రాష్ట్రం ఒక మెట్టు దిగి, ఫ్లూ టీకా వేయించుకోని సిబ్బంది ఆ సీజన్లో మాస్కు పెట్టుకోవాలని రూలు తెచ్చింది. దానికి పెద్ద గొడవేమీ గుర్తుండేంత జరగలేదు.

కోవిడ్ వచ్చేసరికి వరస తిరగబడింది. 2020 డిసెంబరు 14న న్యూయార్కులో మొదటి టీకా వేయించుకున్న మనిషి శాండ్రా లిండ్సే, ఆవిడ నర్సే. రూలు 2021 ఆగస్టులో వచ్చింది, గడువు సెప్టెంబరు 27. అప్పటికి డోసులు కావలసినన్ని ఉన్నాయి, కోట్లమంది వేయించుకుని తిరుగుతున్నారు. గడువు నాటికి ఆసుపత్రి సిబ్బందిలో సుమారు 92 శాతం మంది కనీసం ఒక డోసు తీసుకున్నారు. 2022 జనవరి 13న సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వం పెట్టిన వైద్య సిబ్బంది రూలుని 5-4తో నిలబెట్టింది. అదే రోజు, వందమందికి పైగా ఉన్న కంపెనీలన్నిటికీ పెట్టిన టీకా-లేదా-టెస్టు రూలుని ఆపేసింది (మన ఐటీ కంపెనీలు ఇందులోకే వస్తాయి). రోగి దగ్గర నిలబడేవాడూ కీబోర్డు ముందు కూర్చునేవాడూ ఒకటి కాదన్న తేడా కోర్టుకి కనిపించింది, నాకూ సబబుగానే అనిపించింది.

కానీ ఒమిక్రాన్ వచ్చాక టీకా వేయించుకున్నవాళ్ళ నుంచీ జబ్బు అంటుకుంటోందని అందరికీ తెలిసిపోయింది. ప్రాణాపాయం తగ్గించడంలో టీకా పనిచేస్తూనే ఉంది. అయితే అది నర్సు సొంత లాభం. రూలు నిలబడిందేమో "రోగికి అంటకుండా" అనే వాదన మీద. 2023లో కేంద్రమూ, న్యూయార్కూ రెండూ ఆ రూళ్ళని ఎత్తేశాయి. ఆ మధ్యలో న్యూయార్కులో వేలమంది సిబ్బంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. రూలు పోయింది కదా అని పోయిన ఉద్యోగం దానంతటది తిరిగి రాలేదు.