చెన్నై ప్రభుత్వ నిర్మాణాల్లో వృత్తాకార కొనుగోళ్లు

భవన నిర్మాణంలో వృత్తాకార కొనుగోళ్లు అంటే, కూల్చిన కట్టడాల సామగ్రిని మళ్లీ వాడాలని, కొత్త కట్టడంలో వృథా తగ్గాలని ప్రభుత్వ టెండరులోనే షరతు పెట్టడం. చెన్నైలో గ్రేటర్ చెన్నై కార్పొరేషన్, ప్రజాపనుల శాఖ, తమిళనాడు పట్టణ ఆవాసాభివృద్ధి మండలి ప్రభుత్వం తరఫున పనులు చేయించే పెద్ద సంస్థలు. మురికివాడల నిర్మూలన మండలిగా 1970లో ఏర్పడిన ఆవాసాభివృద్ధి మండలి 2021లో పేరు మార్చుకుంది. శిథిలమైన పాత బ్లాకులను కూల్చి అక్కడే కొత్తవి కడుతుంది కాబట్టి, శిథిలాలు వచ్చేదీ, కంకర, ఇటుక కావలసిందీ దాని పనుల్లోనే.

శిథిలాల దారి

టేకు దూలాలపై ఇటుకల కప్పు వేసే మద్రాస్ టెర్రస్ పద్ధతిలో కట్టిన పాత ఇళ్ల దూలాలు, తలుపులు, ఇనుప చువ్వలను పాత సామాన్ల వ్యాపారులు కొంటారు. కాంక్రీటు పెళ్లలు, ఇటుక ముక్కలు, గోడ పెచ్చులకు మాత్రం కొనేవారు అరుదు. అవి ఖాళీ స్థలాల్లో, జలాశయాల ఒడ్డున, 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కిన పళ్లికరణై చిత్తడినేల పరిసరాల్లో పోగుపడుతూ వచ్చాయి. వీటి కోసం కార్పొరేషన్ పరిధిలో పెరుంగుడి, కొడుంగైయూర్‌లలో రోజుకు 400 టన్నుల చొప్పున సామర్థ్యం గల శుద్ధి కేంద్రాలు ఏర్పడ్డాయి. ఇలాంటి కేంద్రాల్లో శిథిలాలను నలగగొట్టి, అయస్కాంతంతో ఇనుము తీసి, జల్లించి కంకర, ఇసుక తయారుచేస్తారు. వాటితో పేవర్ బ్లాకులు, సిమెంటు ఇటుకలు పోస్తారు. ఈ సరుకుకు నిలకడైన గిరాకీ ఉంటేనే కేంద్రం నడుస్తుంది.

నియమాలు, ప్రమాణాలు

నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నియమాలు (2016) ప్రభుత్వ, పురపాలక కాంట్రాక్టుల్లో శిథిలాల నుంచి తయారైన సామగ్రి 10 నుంచి 20 శాతం వరకు ఉండాలని సూచించాయి. వాడకానికి హద్దులు ఐఎస్ 383:2016 ప్రమాణంలో ఉన్నాయి. పాత కాంక్రీటు నుంచి తీసిన కంకరను సాదా కాంక్రీటులో 25 శాతం, ఎం-25 బలం శ్రేణి వరకు ఇనుము వేసిన కాంక్రీటులో 20 శాతం, పునాది కింద పరిచే లీన్ కాంక్రీటులో 100 శాతం వరకు వాడవచ్చు. ఈ కంకరకు పాత సిమెంటు గచ్చు అంటుకుని ఉండడంతో అది నీటిని ఎక్కువగా పీలుస్తుంది. అందువల్ల మిశ్రమంలో నీటి పాళ్లు సరిచూడాలి, ప్రయోగశాల పరీక్ష తప్పనిసరి.

టెండరులో చోటు

తమిళనాడు టెండర్ల పారదర్శకత చట్టం (1998) ప్రకారం కనిష్ఠ టెండరునే ఆమోదించాలి. అయితే అది చవక ధర ఒక్కటే కాదు. టెండరు పత్రంలో ముందే ప్రకటించిన, కొలవదగిన అంశాలకు ఇచ్చిన ప్రాధాన్యాన్ని బట్టి కనిష్ఠ టెండరును తేలుస్తారు. కాబట్టి పునర్వినియోగ సామగ్రి శాతం, మన్నిక, నిర్వహణ ఖర్చులను లెక్కలోకి తేవడానికి చట్టంలోనే వీలుంది. అందుకు ఆ సామగ్రి ధరల షెడ్యూలులోకి, పరిమాణాల పట్టికలోకి ఎక్కాలి. పట్టికలో లేని వస్తువుకు బిల్లు పెట్టడం కష్టం గనుక కాంట్రాక్టరు క్వారీ కంకరకే మొగ్గుతాడు. కూల్చివేత టెండరులోనూ ముందస్తు సామగ్రి జాబితా, రకాలవారీ వేర్పాటు, శుద్ధి కేంద్రం తూకం రశీదు చూపాకే చెల్లింపు అనే షరతులు ఉండాలి.

నిర్మాణ పద్ధతిని కూడా టెండరుతో మార్చవచ్చు. పెరుంబాక్కంలో కేంద్ర లైట్‌హౌస్ పథకం కింద 1,152 ఇళ్లను ప్రీకాస్ట్ కాంక్రీటు పద్ధతిలో కట్టి 2022 మేలో ప్రారంభించారు. భాగాలను అచ్చుల్లో పోసి తెచ్చి బిగించడంతో పనిచోట వృథా తగ్గుతుంది.

20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మిత విస్తీర్ణం గల ప్రాజెక్టుల్లో వ్యర్థాల బాధ్యతను నిర్మాణదారుపై ఉంచే కొత్త నియమాలను కేంద్రం 2025లో ప్రకటించి, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించింది. అంతకంటే చిన్న పనులకు టెండరు షరతులే ప్రధాన సాధనం.