నగరి: ఎల్లల నడుమ ప్రాతినిధ్యము

మదరాసునుండి తిరుపతికి పోవు రాజమార్గమున తిరుత్తణి దాటి కొంతదూరము సాగినంతనే, కొండలవరుసనుండి ముందునకు పొడుచుకొని వచ్చిన శిఖరమొకటి కనబడును. దానిని నగరి ముక్కు అందురు. కోరమండల తీరమున ఓడలు నడపిన నావికులు సముద్రమధ్యమునుండియే దానిని ఆనవాలుగా గ్రహించి తమ దారిని సరిచూచుకొనెడివారు. ఆ కొండల దిగువను, కుశస్థలీనది పరీవాహమున, మగ్గముల చప్పుడును, చెఱకుతోటల పచ్చదనమును, మామిడితోపుల నీడయు కలసియున్న సీమయే నగరి. ఈ సీమప్రజల పక్షమున శాసనసభలో ఎవరు మాటాడవలెనను ప్రశ్న తేలుటకు ముందు, అసలీ సీమప్రజలనగా ఎవరను ప్రశ్నయే ఇంచుమించు ప్రతి తరమునను తిరిగి తేల్చుకొనవలసి వచ్చినది. నగరి నియోజకవర్గ చరిత్రలో నాకు ముఖ్యముగా తోచునది ఇదియే. గెలిచినవారి పేర్లు జ్ఞాపకముంచుకొనువారు పెక్కుమంది కలరు. గీతలు గీచినవారి చరిత్రను తలచువారు అరుదు.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ ప్రాంతము కార్వేటినగర సంస్థానపు సీమలో చేరి, ఉత్తర ఆర్కాడు జిల్లాలో అంతర్భాగమై యుండెను. శృంగారపదకర్తయైన సారంగపాణికి ఆశ్రయమిచ్చిన ఆస్థానమది. సంగీతసాహిత్యములకు అది చేసిన మేలు నేటికిని తలచదగినదే. అయినను సామాన్యరైతు తన మొఱ వినిపించుకొనుటకు కరణమునో, సంస్థానపు ఉద్యోగినో ఆశ్రయించుటకంటె వేఱుమార్గము లేని కాలమది. 1911 ఏప్రిల్ 1వ తేదీన ఉత్తర ఆర్కాడునుండి కొన్ని తాలూకాలును, కడపనుండి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలును తీసి చిత్తూరు జిల్లాను ఏర్పఱచినప్పుడు, తెలుగును అరవమును సమానముగా మాటాడు పల్లెలనేకము ఆ నూతన జిల్లాలో చేరినవి. పరిపాలనా సౌకర్యమునకై గీచిన ఆ గీత పిమ్మట రగిలిన వివాదమునకు మూలమగునని నాటి అధికారులు ఊహించియుండరు.

మాంటేగు చెమ్సుఫర్డు సంస్కరణలను అనుసరించి 1920లో మదరాసు శాసనమండలికి ఎన్నికలు జరిగినప్పుడు, వోటుహక్కు పన్నుచెల్లించు స్తోమతగల కొద్దిమందికే పరిమితమై యుండెను. నేతగానికి, కూలివానికి, కౌలుదారునికి అందులో చోటులేదు. అయినను ఈ జిల్లా ఆ మండలికి ఇద్దఱు మహనీయులను సమర్పించినది. కాళహస్తిలో జన్మించిన పానుగంటి రామరాయణింగారు, పానగల్లు రాజాగా ప్రసిద్ధులై, 1921 మొదలు 1926 వఱకు జస్టిస్ పక్షమున మదరాసు ప్రథమమంత్రిత్వము నెఱపిరి. చిత్తూరు సమీపమునందలి కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు, తొలుత అదే పక్షమున నుండియు, 1923 నవంబరులో ఆ మంత్రివర్గముపై అవిశ్వాసతీర్మానమును ప్రతిపాదించిరి. తీర్మానము వీగిపోయినది, కాని ప్రభుత్వమును నిలదీయుట, సమాధానము కోరుట అను శాసనసభాధర్మమును ఒకే జిల్లాకు చెందిన ఇద్దఱు ఎదురెదురుగా నిలిచి దేశమునకు చూపిన ఆ ఘట్టము చిత్తూరువాసులు గర్వింపదగినది. ఆ మండలియే 1921లో స్త్రీలకు వోటుహక్కు నంగీకరించినదనుటయు మఱవరానిది. అప్పటికి ఇంగ్లండులో సైతము స్త్రీపురుషులకు సమానమైన వోటుహక్కు లేదు. దానికి వారు 1928 వఱకు వేచియుండవలసి వచ్చినది.

స్వరాజ్యము వచ్చినపిమ్మట 1948 నాటి చట్టముతో జమీందారీలు రద్దయినవి. 1952లో వయోజన వోటుహక్కుతో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగినవి. ప్రతి అభ్యర్థికిని వేఱువేఱు పెట్టె, ఆ పెట్టెపై అతని గుర్తు. అక్షరము రానివారు సైతము తమ మనసునకు నచ్చిన పెట్టెలో కాగితము వేయుటకై చేసిన ఏర్పాటది. తరతరములుగా పెద్దల యింటి అరుగుక్రింద నిలువబడి మాటాడిన మనుష్యుడు తెరచాటున ఒంటరిగా నిలిచి, ఎవరికిని చెప్పనక్కఱలేని నిర్ణయము చేయుట ఈ సీమచరిత్రలో అదే ప్రథమము. తిరుచానూరువారైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు ఆ ఎన్నికలలో తిరుపతినుండియు, 1957లో చిత్తూరునుండియు లోకసభకు ఎన్నికై, తొలి ఉపసభాపతులై, 1956లో సభాపతి పీఠము నధిష్ఠించిరి.

ఇంతలో 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినది. దానితో చిత్తూరుజిల్లా దక్షిణపుటెల్ల రెండు భాషాజాతుల నడుమ తగవైనది. తిరుత్తణి మాదని మ. పొ. శివజ్ఞానముగారి నాయకత్వమున తమిళులు ఆందోళన సాగించిరి. ఇటువైపు తెలుగువారును తమ హక్కును గట్టిగా వాదించిరి. మధ్యవర్తిగా వచ్చిన హరి వినాయక పాటస్కరుగారు గ్రామమును ప్రమాణముగా గైకొని, భాషాసంఖ్యను, భూభాగపు సంలగ్నతను విచారించి నివేదిక సమర్పించిరి. దానిననుసరించి 1959లో పార్లమెంటు చట్టము చేయగా, 1960 ఏప్రిల్ 1 నుండి తిరుత్తణి తాలూకాలో అధికభాగమును, పళ్లిపట్టు ప్రాంతమును మదరాసు రాష్ట్రమునకు పోయినవి. ప్రతిగా చెంగల్పట్టు జిల్లానుండి సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకు వచ్చినది. పుత్తూరు, నగరి ఇటు నిలిచినవి. ఆ న్యాయము మొత్తముమీద సరియైనదేయని నా యభిప్రాయము. కాని గ్రామములను లెక్కించు పద్ధతిలో కుటుంబములు లెక్కకు రావు. కూతురు నగరిలో, కోడలు పళ్లిపట్టులో, కులదైవము తిరుత్తణికొండపై ఉన్న ఇంటికి ఒక్క రాత్రిలో ఇద్దఱు ముఖ్యమంత్రులు, రెండు శాసనసభలు ఏర్పడినవి. నేటికిని ఏకాంబరకుప్పము, సత్రవాడ వంటి నేతపల్లెలలో ఇంటిలో తమిళము మాటాడి, అంగడిలో తెలుగు మాటాడువారు పలువురు కలరు. ఏ పక్షపు అభ్యర్థియైనను అక్కడ రెండు భాషలలో వోటడుగక తప్పదు.

ఎల్లలు సద్దుమణిగి, ద్విసభ్య నియోజకవర్గములు 1961లో రద్దయిన పిమ్మట, 1962 ఎన్నికలనాటికి నగరి ప్రత్యేక నియోజకవర్గముగా నిలిచినది. నందమూరి తారకరామారావుగారు 1982 మార్చిలో తెలుగుదేశమును స్థాపించి, మఱుసటి జనవరిలో తాము తిరుపతినుండియు పోటీచేసి గెలిచిన ఎన్నికలలో నగరియు ఆ వెల్లువలో చేరి, ఏలవర్తి గోపాలరాజుగారిని ఎన్నుకొన్నది. కాని రెండేండ్లకే, 1985లో, రాష్ట్రమంతటను తెలుగుదేశమే గెలిచినను నగరి కాంగ్రెసువారైన రెడ్డివారి చెంగారెడ్డిగారిని ఎన్నుకొన్నది. 1989లో మరల వారే. 1994లో చలనచిత్ర నిర్మాతయైన వి. దొరస్వామిరాజుగారు తెలుగుదేశము పక్షమున. 1999లోను 2004లోను తిరిగి చెంగారెడ్డిగారు. 1985, 1999, 2009, 2014 ఈ నాలుగు పర్యాయములును నగరి ప్రతినిధి ప్రతిపక్షపు బల్లపైనే కూర్చుండెను. దీనిని కొందఱు దురదృష్టమందురు, నిధులు రావందురు. నాకట్లు తోచదు. రాజధానిలో వీచు గాలిని చూచి గాక, తన యూరి మనిషిని చూచి వోటు వేయు అలవాటు ఈ సీమకు కలదనుటకు అది సాక్ష్యము.

దొరస్వామిరాజుగారితో మొదలైన చలనచిత్ర సంబంధము యాదృచ్ఛికము కాదు. తెలుగు చిత్రపరిశ్రమ చిరకాలము మదరాసుననే వర్ధిల్లినది. ఆ నగరమునకు నగరి ఇంటిముంగిటి పొరుగు. 2004లో చెంగారెడ్డిగారిపై పోటీచేసి ఓడిన నటీమణి రోజాగారు, పదేండ్ల తరువాత పక్షము మాఱి, అచ్చటనే గెలిచిరి.

2008 నాటి నియోజకవర్గ పునర్విభజనతో చిత్తూరుజిల్లా స్థానములు పదునైదునుండి పదునాలుగుకు తగ్గినవి. పుత్తూరు నియోజకవర్గము అదృశ్యమై, పుత్తూరు, వడమాలపేట మండలములు నగరి, నిండ్ర, విజయపురము మండలములతో చేరినవి. ఎముకలు విఱిగినవారికి కట్టుకట్టు వైద్యముచే దక్షిణదేశమంతట పేరువడసిన పుత్తూరు, తన పేరిట శాసనసభలో నున్న పీఠమును కోల్పోయినది. పుత్తూరునుండి పలుమార్లు గెలిచి మంత్రిపదవులు నిర్వహించిన గాలి ముద్దుకృష్ణమనాయుడుగారు 2009లో నగరికి వచ్చి, చెంగారెడ్డిగారిని ఓడించిరి. రెండు పాత నియోజకవర్గముల ప్రజలు ఒక్క జాబితాలో చేరినందున పోటీ సమమైనది: 2014లో రోజాగారు ముద్దుకృష్ణమనాయుడుగారిపై నెగ్గినది 858 వోట్లతో, 2019లో వారి కుమారులు భానుప్రకాశుగారిపై 2,708 వోట్లతో. 2024లో మాత్రము భానుప్రకాశుగారు 45,004 వోట్ల ఆధిక్యముతో గెలిచిరి. ఎనిమిదివందల చిల్లర వోట్లు ఒక చిన్న పల్లెలో నుండును. ఆ పల్లె పొలమునకు పోక ఆ దినమున బారులుతీరి నిలిచినదా, నిలువలేదా అనుదానిపై అయిదేండ్ల ప్రాతినిధ్యము తేలినది.

2022 ఏప్రిల్‌లో మఱియొక గీత పడినది. నగరి, నిండ్ర, విజయపురము చిత్తూరుజిల్లాలో నిలువగా, పుత్తూరు, వడమాలపేట నూతనమైన తిరుపతిజిల్లాకు పోయినవి. నగరి రెవిన్యూ డివిజను కేంద్రమైనది. కాని నియోజకవర్గము రెండు జిల్లాల మధ్య చీలినది. ఇప్పుడు ఒక్క శాసనసభ్యుడు ఇద్దఱు కలెక్టర్లయొద్దకు పోవలెను. మరమగ్గముల విద్యుచ్ఛార్జీల రాయితీయో, నేతన్నల నూలు ధరయో, చెఱకురైతుల బకాయిలో ప్రస్తావనకు వచ్చినచో, అర్జీ ఒక జిల్లాకు, దాని ప్రతి మఱియొక జిల్లాకు పంపవలెను.

రాజ్యాంగమున శాసనసభా స్థానముల సంఖ్యను 2026 తరువాతి తొలి జనగణన వఱకు మార్పరాదని నిర్ణయించియున్నారు. ఆ గడువు సమీపించినది. తిరిగి గీతలు గీచు సంఘము వచ్చినప్పుడు, జనసంఖ్యాపట్టికలతోపాటు ఈ రెండు జిల్లాల పటములను, పాటస్కరు నివేదికను ఎదుట నుంచుకొనవలెనని, ప్రజాభిప్రాయసేకరణ సభలలో నొకటి నగరిలోనో పుత్తూరులోనో జరుపవలెనని, ఏకాంబరకుప్పపు నేతగాండ్రు తమకు వచ్చిన భాషలో మాటాడినను వారి మాట లిఖితపూర్వకముగా నమోదు కావలెనని నేను కోరుచున్నాను.