నీళ్లున్నా పైపు పట్టలేదు: ఊరి బయట ఇళ్లు, ఫైర్ రూల్స్ కథ

ఈ రోజు కథ ఒక ఇనుప మర గురించి. నట్టుకీ బోల్టుకీ ఉంటుందే, ఆ మర. ఫైరింజన్ గొట్టాన్ని హైడ్రెంట్‌కి బిగించే చోట అదే ఉంటుంది.

1904 ఫిబ్రవరి 7, అమెరికాలో బాల్టిమోర్ నగరం. మంటలు అదుపు తప్పాయి, పక్క నగరాల నుంచి ఫైరింజన్లు రైలెక్కి మరీ వచ్చాయి. తీరా వచ్చాక చూస్తే చాలామంది గొట్టాలు బాల్టిమోర్ హైడ్రెంట్లకి పట్టలేదు. ఒక్కో ఊరిది ఒక్కో సైజు. హైడ్రెంట్‌లో నీళ్లున్నాయి, రోడ్డు మీద మనుషులున్నారు, మధ్యలో మర కలవలేదు. 1,500కి పైగా భవనాలు పోయాయి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే ఇది ఇంటర్‌ఫేస్ సమస్య. ఆ మరుసటి ఏడే దేశం మొత్తానికి ఒక కొలత పెట్టారు: రెండున్నర అంగుళాల గొట్టం, అంగుళానికి ఏడున్నర చుట్లు.

ఇప్పుడు కాలిఫోర్నియా కొండ పల్లెలకి వద్దాం. శాక్రమెంటో దాటితే సియెరా కొండల వాలు మొదలవుతుంది. నగరాల్లో విసిగినవాళ్లు 1960ల తర్వాత అటు బాగా వెళ్లారు. పశువుల కోసం ఉంచుకున్న పెద్ద భూముల్ని ఐదెకరాలు, పదెకరాల ముక్కలు చేసి అమ్మారు. అక్కడ సిటీ పైపు లేదు, బోరే దిక్కు. రాతి నేల కాబట్టి నిమిషానికి ఐదు పది గ్యాలన్లు ఇచ్చే బోర్లు మామూలే. ఇంట్లో వాడకానికి అది చాలు. ఇల్లు అంటుకుంటే మాత్రం ఒక్క ఫైర్ గొట్టానికే నిమిషానికి వంద గ్యాలన్లు పైన కావాలి. పైగా బోరు మోటారు కరెంటు మీద నడుస్తుంది, మంటలొస్తే ముందు పోయేది కరెంటే.

1987లో రాష్ట్రం ఒక చట్టం చేసింది. పబ్లిక్ రిసోర్సెస్ కోడ్‌లో 4290వ సెక్షన్. అడవి మంటల బాధ్యత రాష్ట్రానిదే అయిన ప్రాంతాల్లో కొత్తగా కట్టేవాటికి కనీస నియమాలు రాయమని అందులో ఉంది. ఆ నియమాలు ఇంకా అమల్లోకి రాకముందే, 1988 సెప్టెంబర్‌లో నెవాడా కౌంటీలో 'ఫార్టీనైనర్ ఫైర్' వచ్చి 300కి పైగా కట్టడాల్ని కాల్చేసింది. 1991 జనవరి 1 తర్వాత అనుమతి పొందిన వాటికి నియమాలు వర్తించాయి.

అందులో నీళ్లు ఒక భాగం మాత్రమే. మిగతావి రోడ్డు వెడల్పు, వీధి పేర్లు, ఇంటి నంబర్లు, ఇళ్ల చుట్టూ మంట ఆగడానికి వదిలే ఖాళీ. ఎకరంలోపు ప్లాట్లు ఉన్నచోట డెడ్ ఎండ్ రోడ్డు 800 అడుగులు దాటకూడదు. ఇరవై ఎకరాలు, ఆపైన అయితే ఒక మైలు దాకా ఓకే. హైడ్రెంట్ నేల మీద నుంచి 18 అంగుళాల ఎత్తులో ఉండాలి, రోడ్డుకి 4 అడుగుల కన్నా దగ్గరగా, 12 అడుగుల కన్నా దూరంగా ఉండకూడదు. దాని మూతి? రెండున్నర అంగుళాలు, నేషనల్ హోజ్ మర. బాల్టిమోర్ పాఠం పల్లెటూరి వాటర్ ట్యాంకు దాకా వచ్చిందన్నమాట.

మరి నీళ్లు ఎన్ని? దానికి ఎన్‌ఎఫ్‌పీఏ 1142 అనే ప్రమాణం ఉంది (పాత నంబరు 1231). లెక్క సింపుల్. ఇంటి ఘనపరిమాణాన్ని ఘనపుటడుగుల్లో తీసుకుని ఏడుతో భాగించాలి, చెక్క ఇల్లయితే ఒకటిన్నరతో గుణించాలి. 24,000 ఘనపుటడుగుల ఇంటికి సుమారు 5,140 గ్యాలన్లు వస్తుంది. మన వీధుల్లో తిరిగే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు అనుకోండి. యాభై అడుగుల్లోపు ఇంకో ఇల్లుంటే దానికి మళ్లీ ఒకటిన్నర రెట్లు.

ఆ సైజుకి అదే ప్రమాణం అడిగే ధార నిమిషానికి 500 గ్యాలన్లు. అంటే మొత్తం నీళ్లు పది నిమిషాల్లో అయిపోతాయి! మొదట నాకిది జోక్‌లా అనిపించింది. కానీ ఆ ట్యాంకు పెట్టింది ఊరిని కాపాడటానికి కాదు. ఒక ఇల్లు అంటుకుంటే అది పక్కకి పాకకుండా, ఇంకో ట్యాంకర్ వచ్చేదాకా ఆ పది నిమిషాలు నెట్టుకురావడానికి. అందుకే రోడ్డు, బోర్డు, మర అంత ముఖ్యం. ఇంజను కొండ మలుపులో ఇరుక్కుపోతే ట్యాంకు నిండుగా ఉండి ఏం లాభం?

నియమాలు అమల్లోకి వచ్చిన 1991లోనే, అక్టోబర్ 20న ఓక్లాండ్ కొండలు అంటుకున్నాయి. అది నగరం, ఈ చట్టం పరిధి కాదు. ఓక్లాండ్ హైడ్రెంట్ల మూతి మూడు అంగుళాలు. బయటి ఊళ్ల నుంచి సాయానికి వచ్చినవాళ్ల గొట్టాలు రెండున్నర. బాల్టిమోర్ అయి 87 ఏళ్లు అయింది, చూడండి! దానికి తోడు కరెంటు పోయి పంపులు ఆగాయి, కొండ మీది ట్యాంకులు ఖాళీ అయ్యాయి. 25 మంది చనిపోయారు, మూడు వేల దాకా ఇళ్లు కాలిపోయాయి.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది తేదీల విషయం. 1991కి ముందు కట్టిన ఇంటిని ఈ నియమాలు ముట్టుకోవు. ఇరుకు రోడ్డు ఇరుకుగానే ఉంటుంది. పైగా మున్సిపాలిటీ అయిన ఊరు అప్పట్లో ఈ పరిధిలోకే వచ్చేది కాదు. రిడ్జ్ మీదున్న ప్యారడైజ్ అలాంటి టౌనే, ఇళ్లు చాలావరకు 1991కి ముందువి. అతి ప్రమాదకర ప్రాంతంలో ఉన్న ఇలాంటి ఊళ్లకి కూడా నియమాల్ని వర్తింపజేస్తూ 2018 సెప్టెంబర్‌లో చట్టాన్ని సవరించారు. అదే ఏడాది నవంబర్ 8న క్యాంప్ ఫైర్ ప్యారడైజ్‌ని తినేసింది, 85 మంది పోయారు. ఆ సవరణ అమలు తేదీ 2021 జూలై 1. అదీ ఆ తేదీ తర్వాత అనుమతి పొందే కొత్త ఇళ్లకే.